బట్టల తీగ కింద రేగు మొక్కలు

మార్చి 2

మేనకోడలు దబ్బనానికి అత్త రాస్తున్నది.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కాబట్టి ఇది జవాబు కాదు, నిలదీయడం అనుకో. ఫోను చెయ్యొచ్చుగా అనకు. ప్రెస్సులో కాగితాలు కోసే మెషీను పక్కన ముప్పై ఏళ్ళు నిలబడిన చెవులు ఇవి. నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడదు. వినపడిన సగంలోనూ ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప ఇంకేమీ ఉండదు. ఉత్తరంలో అయితే కనీసం పేజీ నింపాలన్న సిగ్గయినా ఉంటుంది నీకు.

అసలు సంగతి ఇది. పక్కింటి వడ్రంగికి షెడ్డు చాలడం లేదట. మన పెరట్లో వెనక సగం ఇస్తే రేకులు వేసుకుంటానని అడిగాడు. నేను ‘చూద్దాం’ అన్నాను. అతను దాన్ని ‘సరే’ కింద జమకట్టుకుని మర్నాడు పొద్దున్నే కొలతల టేపు పట్టుకుని వచ్చాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక నేను ఆ వెనక్కి వెళ్ళి రెండేళ్ళయింది. కొలవనివ్వడానికైనా నా స్థలం నేను చూసుకోవాలి కదా అని కర్ర పట్టుకుని వెంట నడిచాను.

గడ్డి నడుముదాకా ఉంది. అందులో నా బట్ట పట్టుకుని ఎవరో లాగినట్టయింది. చూస్తే ముల్లు. ఇది వదిలించుకుంటే ఇంకోటి. గోడకి ఇవతల వరసగా, ఎవరో స్కేలు పెట్టి గీత గీసి నాటినట్టు, ఇరవై మూడు ముళ్ళ మొక్కలు. నేను నాటలేదు. వడ్రంగి నాటలేదు. పాలు పోసే ఆవిడని కూడా అడిగాను, నాకేం పని అంది. నువ్వు గానీ ఇంట్లోంచి వెళ్ళేముందు ఏమైనా పాతిపెట్టి వెళ్ళావా అని అనుమానం వచ్చింది. కానీ అవి చూస్తే పద్నాలుగేళ్ళ మొక్కల్లా లేవు.

ఒక రెమ్మ పంపుతున్నాను. ముల్లు కవరుకి బొక్క పెట్టింది. అందుకని రెండు అట్టముక్కల మధ్య పెట్టి చుట్టూ కుట్టు వేశాను. విప్పేటప్పుడు దారం తెంపకు, ఒక కొసన ముడి వదిలాను, లాగితే వస్తుంది. ఇది ఏం మొక్క, మళ్ళీ మొలవకుండా ఎలా తీసేయాలి, రెండూ రాయి. మొక్కల మధ్య ఉద్యోగం చేస్తున్నావు, ఈమాత్రం చెప్పలేకపోతే నిన్ను కన్నవాళ్ళు పోయి నేను పెంచినందుకు నాకే సిగ్గు.

మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది.

నీ అత్త


మార్చి 11
(రాసి, పంపకుండా ఉంచుకున్నది)

అత్తా,

నర్సరీ అమ్మేశారు. యజమాని పోయాక కొడుకులు కొన్నాళ్ళు నడిపినట్టు నటించారు. ఇక్కడ ఇళ్ళు కడతారట. మమ్మల్ని జూన్ 30 కల్లా క్వార్టర్లు ఖాళీ చెయ్యమన్నారు. డిసెంబరులోనే తెలుసు నాకు. అందుకే నీకు ఉత్తరం రాయలేదు. రాస్తే ఇదే రాయాలి.

నాకు వచ్చిన పని ఒక్కటే. ఒక చెట్టు రెమ్మ మీది కన్ను, అంటే చిగురు మొగ్గ, తీసి ఇంకో చెట్టుకి అంటు కట్టడం. పదమూడేళ్ళుగా అదే చేశాను, బాగా చేస్తాను. నీ రెమ్మ చూడగానే గుర్తుపట్టాను. అవి అడవి రేగు మొక్కలు. అలాంటి వాటి మీదే మేం తీపి రేగు అంటు కడతాం. నీ పెరట్లో ఉన్నవి చాలు, నేను సొంతంగా మొదలుపెట్టుకోవచ్చు. ఆ వెనక సగంలో ఒక చిన్న నర్సరీ పడుతుంది.

కానీ దానికి నేను అక్కడ ఉండాలి. నీ ఇంట్లో. నువ్వు నేర్పిన బైండింగు పని మానేసి నేను వచ్చేసిన రోజు నువ్వు గుమ్మంలో నిలబడి, ‘వెళ్ళేదానివి వెళ్ళు, మళ్ళీ వచ్చి మంచం వేసుకునే చోటు మాత్రం అడక్కు’ అన్నావు. వారం తిరక్కుండా నా మంచం అమ్మేశావని కూడా తెలిసింది. నీకు ముక్కు మీద కోపం, నిమిషంలో దిగిపోతుంది, అది నాకు తెలుసు. ఆ మాట నీకు గుర్తుండి ఉండదు. నాకు ఉంది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళ వయసులో పెట్టె పట్టుకుని నీ ముందు నిలబడాలంటే భయంగా ఉంది.

చోటు ఉందా అత్తా?


మార్చి 12

అత్తా,

రెమ్మ పదిలంగా చేరింది. దారం తెంపలేదు.

ఇది అడవి రేగు. ఆకు వెనక తెల్లటి నూగు ఉంటుంది, ఆకు మొదట్లోంచి మూడు ఈనెలు బయల్దేరతాయి. ముళ్ళు జంటగా వస్తాయి, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా. నిన్ను పట్టుకున్నది కొక్కెం ముల్లు అయి ఉంటుంది.

ఎవరూ నాటలేదు. ఈసారి వెళ్ళినప్పుడు తలెత్తి చూడు. వెనకటి బట్టల తీగ ఇంకా ఉందా? పిట్టలు ఎక్కడో పళ్ళు తిని వచ్చి తీగ మీద వాలతాయి, గింజలు కిందపడతాయి. తీగ తిన్నగా ఉంటే మొక్కలూ తిన్నగానే మొలుస్తాయి.

ఇవి పనికిరాని మొక్కలు కావు. దగ్గరదగ్గరగా పెరగనిస్తే గోడ అవసరం లేని కంచె. పూత వచ్చినప్పుడు తేనెటీగలు వదలవు. ఆకు మేకలు తింటాయి. కాయ చిన్నది, పులుపు, కానీ ఎండబెడితే నిలవుంటుంది. చెక్క గట్టిది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది అంటు. తీపి రేగు గింజ నాటితే తీపి కాయే వస్తుందని నమ్మకం లేదు. అందుకని అడవి మొక్క కాండం మీద బెరడు చీల్చి, తీపి చెట్టు కన్ను ఒకటి అందులో కూర్చోబెట్టి కడతారు. పైన తీపి చెట్టు పెరుగుతుంది, కింద అడవి వేరు ఉంటుంది. ఆ వేరు ఎంత ఎండనైనా తట్టుకుంటుంది.

కాబట్టి వాటిని తవ్వి పారెయ్యొద్దు. వడ్రంగికి మాట ఇవ్వకు, కొన్నాళ్ళు ఆగమను. పెన్సిలంత లావున్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయి.

వెనక గదిలో ఇంకా ఆ పాత బైండింగు సామానే ఉందా? ఊరికే అడిగాను.

ఇక్కడ అంతా మామూలే.

దబ్బనం


మార్చి 24

దబ్బనమా,

పేజీన్నర రాశావు. పనికిరాని మొక్కల గురించి అడిగితే గానీ నీ నోట్లోంచి మాట రాదన్నమాట. ముందే తెలిస్తే ఏడాదికి ఒక కలుపు మొక్క పంపేదాన్ని.

తీగ ఉంది. తలెత్తి చూసేసరికి మూడు పిట్టలు నావంక చూస్తున్నాయి, వాళ్ళ తోటలోకి నేను వచ్చినట్టు. పెన్సిలంత లావు అన్నావు కదా, ఒక కొత్త పెన్సిలు కొని తీసుకెళ్ళి ఒక్కోదాని పక్కనా ఆనించి చూశాను. సరిగ్గా సరిపోయేవి, అంతకు మించినవి కలిపి పదకొండు. మిగిలిన పన్నెండూ సన్నవి. వాటిలో రెండు పాలావిడ మేక తినేసింది. నువ్వు చెప్పిన ఉపయోగాల్లో ఒకటి అప్పుడే రుజువైంది.

వడ్రంగికి నీ ఉత్తరం చదివి వినిపించాను. చెక్క గట్టిది అన్నచోట అతని ముఖం వెలిగింది. ఉలి పిడికి దీన్ని మించింది లేదట, వాళ్ళ నాన్న రేగు కర్రే వాడేవాడట. ఇన్నాళ్ళూ తీసిపారేస్తానన్న మనిషి, ఇప్పుడు ఒక్కటి నాకు వదలండి అంటున్నాడు. నేను కుదరదన్నాను. రెండేళ్ళు తొంగిచూడని పెరటికి ఇప్పుడు రోజుకి రెండుసార్లు వెళ్తున్నాను, మోకాలు కూడా ఏమీ అనడం లేదు. కాండానికి ఒక్కోదానికి ఒక్కో అంకె రాసి చీటీ కట్టాను. మడిచిన కాగితాల ఫారాలకి నంబర్లు వేసుకోకపోతే పుస్తకం తలకిందులవుతుందని ప్రెస్సులో నేర్పిన అలవాటు, పోలేదు.

వెనక గది సంగతి అడిగావు. బైండింగు సామాను ఎప్పుడో ఇచ్చేశాను. ఇప్పుడక్కడ వడ్రంగి చెక్కలు పెట్టుకున్నాడు. ఈగ వాలే చోటు లేదు. దాని గురించి నీకెందుకు దిగులు? రెండు గదుల క్వార్టరు, పంపు, చుట్టూ చెట్లు అని నువ్వే రాశావు ఆమధ్య. ఇక్కడ ఉన్నదేమిటి, చెక్కపొట్టూ నేనూ.

అన్నట్టు, అక్కడ అంటు కట్టేవాళ్ళందరికీ నువ్వే పెద్దవని వడ్రంగితో చెప్పాను. కాకపోతే ఇప్పుడు చెప్పకు, నా పరువు పోతుంది. ఈ మొక్కలు మీ నర్సరీకి పనికొస్తాయా? ఏదో ఒకటి స్పష్టంగా రాయి.

నీ అత్త


ఏప్రిల్ 5

అత్తా,

పదకొండు మంచి లెక్కే.

పనికొస్తాయా అంటే, పనికొస్తాయి. నాకిప్పుడు అలాంటి పదకొండు మొక్కలుంటే చాలు, వానలు మొదలయ్యాక అంటు కట్టుకుంటే ఏడాదిలో నా కాళ్ళ మీద నేను నిలబడతాను. ఇక్కడ అడవి మొక్కలు దొరకడం లేదు.

ప్రస్తుతానికి వాటిని నేలకి జానెడు పైన కోసెయ్యి. ముదురు కాండం మీద కన్ను పట్టదు. కోస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి, వాటిలో బలమైనదాన్ని ఒక్కటి ఉంచి మిగతావి గిల్లెయ్యి. కత్తి పదునుగా ఉండాలి.

గది గురించి దిగులేం లేదు. ఊరికే అడిగానని రాశాను కదా.

దబ్బనం


ఏప్రిల్ 20
(కార్డు)

కోశాను. బైండింగులో తోలు గీకే నా పాత కత్తి ఒక్కటి ఇవ్వకుండా ఉంచుకున్నాను, అది తీసి సాన పట్టించాను, వెన్నలో దిగినట్టు దిగింది. పదకొండింటికీ చిగుళ్ళు వచ్చాయి. గిల్లమన్నవి గిల్లాను. నాలుగో నంబరు మొండిది, గిల్లినకొద్దీ వస్తోంది, నీలాగే. ఉత్తరం రాయి.

అత్త


మే 9

దబ్బనమా,

కార్డు వేసి మూడు వారాలు. జవాబు లేదు. మొదట పని ఒత్తిడి అనుకున్నాను. తర్వాత నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ‘నాకిప్పుడు అలాంటి పదకొండు మొక్కలుంటే చాలు’ అన్న ముక్క దగ్గర నా బుర్రకి తట్టింది. కావాలని నోరు తెరిచి అడగడం నీకు చిన్నప్పుడూ రాదు. చెప్పులు తెగితే తెగాయని చెప్పేదానివి కాదు, కుంటుతూ నడిచేదానివి, నేను చూసి కొనాలి. ఇదీ అంతే. నువ్వు మొక్కలు కావాలని అంత గట్టిగా రాస్తే నేను చిగుళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను.

అందుకని పంపేశాను. పదకొండూ. వడ్రంగి స్నేహితుడి వ్యాను మీ ఊరి మీదుగా వెళ్తుంటే అందులో ఎక్కించాం. నువ్వు తవ్వి పారెయ్యొద్దన్నావు కాబట్టి తవ్వాం గానీ, పారెయ్యలేదు. ఎంత జాగ్రత్తగా తవ్వామో నీకు తెలియాలి. వడ్రంగి గునపం పట్టాడు, నేను స్టూలు వేసుకుని కూర్చుని అజమాయిషీ చేశాను. ఆ వేళ్ళు చూసి నాకు తల ప్రాణం తోకకి వచ్చింది. మొక్క మోకాలెత్తు, వేరు మనిషెత్తు. కిందికి వెళ్తూనే ఉంది. అలా పొడుగ్గా పంపితే దార్లో చిక్కులు పడతాయని అన్నిటినీ గుంటలోనే ఒక్క కొలతకి, మూరెడుకి, సమంగా కోశాను. పుస్తకం అంచులు కోసినట్టు వరస చూస్తే ముచ్చటేసింది. కోసిన చోట జిగురు కూడా రాద్దామనుకున్నాను, మళ్ళీ ఎందుకులే అని మానేశాను. ఒక్కోదాన్నీ తడి కాగితంలో చుట్టి, గోనెగుడ్డ వేసి కుట్టాను. నంబర్లు అలాగే ఉన్నాయి. నాలుగోది జాగ్రత్త.

సన్నవి మేక కొన్ని, తవ్వేటప్పుడు గునపం కొన్ని తీసేశాయి, ఇంక ఆ వెనక సగం ఖాళీ. పాపం వడ్రంగి రెండు రోజులు తన పని మానుకుని తవ్వాడు, ఆ మొహమాటం ఒకటి. రేకుల షెడ్డు వేసుకోమని మాట ఇచ్చేశాను. వానలకి ముందే గుంజలు పాతుకుంటాడట. పెరట్లో మనుషుల అలికిడి ఉంటే నాకూ పొద్దుపోతుంది. నీకు మొక్కలు, అతనికి షెడ్డు, నాకు కాలక్షేపం. ఇంత చక్కగా ఏ పనీ ఈమధ్య కుదరలేదు.

అందగానే రాయి. మీ నర్సరీలో అందరికీ అత్త పంపిందని చెప్పు.

నీ అత్త


మే 21

అత్తా,

మొక్కలు పన్నెండో తారీఖున అందాయి. కుట్లు విప్పి, అన్నిటినీ నీడలో నాటి, పూటపూటా నీళ్ళు పోశాను. ఇవాళ్టికి పదకొండూ ఎండిపోయాయి. నాలుగోది నిన్నటిదాకా ఉంది.

నీ తప్పు కాదు. నేను రాయలేదు కాబట్టి నీకు తెలియదు. రేగు బతికేది ఆ పొడుగు వేరు మీదే. అది తెగితే తిరిగి నాటినా బతకడం కష్టం, అదీ ఈ ఎండల్లో. అందుకే రేగు మొక్కని ఎవరూ కదపరు, అది మొలిచిన చోటికే మనిషి కత్తి పట్టుకుని వెళ్తాడు. ‘కదపకు’ అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. కదపకపోతే అంటు ఎవరు వచ్చి కడతారని నువ్వు అడుగుతావు. అప్పుడు నేను జవాబు చెప్పాలి. అది చెప్పలేక ఆ మాటే రాయలేదు.

మార్చిలో రాసి పంపని ఉత్తరం ఒకటి ఇందులో పెడుతున్నాను. చదువు. మళ్ళీ వివరించి రాసే ఓపిక లేదు.

అది పంపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. దానికి బదులు గది ఖాళీగా ఉందా అని అడిగాను, ఈగ వాలే చోటు లేదని నువ్వు రాశావు. అది చెక్కల గురించేనని నాకు తెలుసు. అయినా నాకు కష్టమనిపించింది, రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇది నిన్ను నొప్పించడానికి రాయడం లేదు. ఇన్నాళ్ళూ ‘అంతా మామూలే’ అని అబద్ధం రాశాను కాబట్టి ఒక్కసారి నిజం రాస్తున్నాను.

ఇక్కడ అంటు కట్టేవాళ్ళకి నేను పెద్దని కాను. ఇప్పుడు మిగిలింది నేనూ, కాపలా మనిషీ. క్వార్టరు ఒక్కటే గది. పంపు ఉంది.

పూల తోట ఒకదాంట్లో పని దొరికింది. ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. గదికి నలుగురు. అంటు పని కాదు, పూలు కోసి కట్టలు కట్టడం. జులై ఒకటిన చేరాలి, వస్తానో రానో జూన్ ఇరవైలోపు చెప్పమన్నారు. వెళ్ళాక చిరునామా పంపుతాను.

గోనెగుడ్డలు ఉతికి ఉంచాను. నీ కుట్టు ఒక్కటీ తెగలేదు.

దబ్బనం


జూన్ 9

దబ్బనమా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులు. నాలుగుసార్లు రాయడం మొదలుపెట్టాను. నాలుగుసార్లూ వేళ్ళ గురించే రాశాను, ఎందుకంటే అది తేలిక. నిన్ను పెంచిన దాన్ని, ఒక వేరు కొయ్యాలో వద్దో అడిగి కొయ్యాలన్న జ్ఞానం లేకపోయింది అని తిట్టుకుంటూ పేజీలు నింపొచ్చు. చించేశాను. అది కాదు నువ్వు అడిగింది.

ఆ మాట నాకు గుర్తుండి ఉండదని రాశావు. గుర్తుంది. గుమ్మంలో ఎటువైపు నిలబడి అన్నానో కూడా గుర్తుంది. నీకు గుర్తులేదనుకున్నాను నేను. వెళ్ళిన నెలకే ఉత్తరం రాశావు, ఎప్పుడూ దాని ఊసెత్తలేదు, చిన్నపిల్ల మర్చిపోయింది అనుకుని సంతోషపడ్డాను. మర్చిపోయినదాన్ని నేనెందుకు గుర్తుచెయ్యాలి అని పద్నాలుగేళ్ళు క్షమించమని అడక్కుండా తప్పించుకున్నాను. ఇది సిగ్గుమాలిన పని. నా కోపం నిమిషంలో దిగిందనీ రాశావు. దిగలేదు. నాకు వచ్చిన ఒక్క విద్యా నీకు నేర్పితే, జిగురు వాసన పడదని వెళ్ళిపోయావు. ఏడాదిపాటు ఉడికిపోయాను. ఆ తర్వాత కోపం పోయింది, నోరు మాత్రం రాలేదు.

మంచం అమ్మిన మాట నిజం. మరుసటి ఏడాది ఇంకోటి చేయించాను, ఈ వడ్రంగి చేతే. ఎవరికని అడిగితే, ఉంటే మంచిది కదా అన్నాను. అది వెనక గదిలోనే ఉంది. అతని చెక్కలు పరిచింది దాని మీదే. పదమూడేళ్ళు ఎవరూ పడుకోని మంచం కాబట్టి అతనికి చెక్కలు పెట్టడానికి వీలుగా కనపడింది, నేనూ వద్దనలేదు. నీకు ఇది ఉత్తరంలో రాయాల్సింది. ఈగ వాలే చోటు లేదని రాశాను. ఎంత తేలిగ్గా రాశానో!

పెరటి సంగతి. నీ ఉత్తరం అందిన మర్నాడు వడ్రంగి దగ్గరికి వెళ్ళి మాట వెనక్కి తీసుకున్నాను. అప్పటికే రెండు గుంజలు పాతాడు. ఎందుకు అన్నాడు. మా మేనకోడలు వస్తోంది, దానికి కావాలి అన్నాను. అంతదాకా ఎవరికి ఇచ్చిన మాటా వెనక్కి తీసుకోలేదు నేను. అతను గుంజలు పీక్కుంటూ, ‘ఎప్పుడొస్తోందండీ?’ అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చేశాను. రెండు రోజులు మా గుమ్మం వైపు రాలేదు. మూడోరోజు వచ్చి, ఇంటి ముందు వైపు సందులో చిన్న రేకు దింపుకోవచ్చా అన్నాడు. దింపుకోమన్నాను.

మొన్న మొదటి వాన పడింది. తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిచాయని చూడ్డానికి వెళ్ళాను. ఏడు గుంటల్లో మొలకలు వచ్చాయి. నేను కోసేసిన వేళ్ళ కింది సగం నేలలోనే ఉండిపోయింది కదా, అవి పైకి వస్తున్నాయి. వేలంత పొడుగున్నాయి, ముళ్ళు అప్పుడే ఉన్నాయి. ఏడో ఎనిమిదో అని రెండుసార్లు లెక్కపెట్టాను, ఏడే. ఇవి అంటుకి పనికొస్తాయో, మళ్ళీ ఏడాది ఆగాలో నాకు తెలియదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాలావిడ మేకని వీధి చివరే కట్టేయమన్నాను. ఇది చెప్పి నిన్ను ఆశపెట్టాలని కాదు, నిజంగా ఉన్నది రాస్తున్నాను.

అయితే మొక్కల కోసం రమ్మని రాస్తే అది మళ్ళీ నీలాగా చుట్టూ తిప్పి రాయడమే. నేను చుట్టూ తిప్పలేను, నాకంత సమయం లేదు, నీకు ఇరవయ్యో తారీఖు గడువు ఉంది.

నువ్వు లేక ఈ ఇల్లు నాకు బాగోలేదు. ఒకరి ముందు ఒకరు నోరు మూసుకుని ఇంతకాలం పాడుచేసుకున్నాం, అందులో ఎక్కువ పాలు నాది. చోటు అడక్కు అని అన్నది నేను. కాబట్టి నువ్వు అడగనక్కర్లేదు, నేనే అడుగుతున్నాను. వచ్చి నాతో ఉంటావా? నెలకో, ఏడాదికో కాదు. పని దొరికినా దొరక్కపోయినా ఉంటావా?

రానంటే అదే రాయి. చదువుకుంటాను.

అత్త


జూన్ 15
(కార్డు)

అత్తా,

పూల తోటవాళ్ళకి రానని రాసి ఆ ఉత్తరం పోస్టులో వేసి, తర్వాత ఈ కార్డు కొన్నాను. ఇరవై తొమ్మిది పొద్దున్న బస్సు. సామాను ఒక పెట్టె, ఒక సంచి. మొలకలు వేలంతే ఉన్నాయి కాబట్టి ఈ ఏడాది అంటు కుదరదు, వాటిని పెరగనివ్వాలి. ఎప్పుడొస్తోందని అడిగిన వడ్రంగికి తారీఖు చెప్పు.

అవి ఏడూ ఎండిపోయాయని రాసినా నేను ఇదే బస్సు ఎక్కేదాన్ని. మొక్కలు ఉన్నా లేకపోయినా వస్తానని, మార్చిలో నీకు రాయాల్సింది ఈ ఒక్క మాటే.

దబ్బనం